డేటా అర్థం నెట్‌వర్క్‌కు తెలియాలా? 6జీ ‘సెమాంటిక్’ చర్చలోని అసలు చిక్కులు

6జీ మీద ఏ చర్చ జరిగినా ‘సెమాంటిక్ కమ్యూనికేషన్’ అన్న మాట వినిపించకుండా ముగియడం లేదు. ఇప్పటి నెట్‌వర్క్ బిట్లను మోస్తుందని, రాబోయేది అర్థాన్ని మోస్తుందని దాని సారాంశం. బాగానే ఉంది. కానీ అర్థం అంటే ఏమిటి, అది ఎవరికి తెలియాలి, తెలిస్తే నెట్‌వర్క్ నడిపే ఇంజినీరు పనిలో ఏం మారుతుంది అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. ఈ ఒక్క పేరు కింద కనీసం మూడు వేర్వేరు పనులు నడుస్తుండటమే ఈ గందరగోళానికి కారణం. ఒకటి ఇప్పటికే 5జీ ప్రమాణాల్లోకి వచ్చేసింది. రెండోది సెన్సర్ల రంగంలో పుష్కరకాలం పైగా లెక్కలతో సహా నలుగుతోంది. అసలు వివాదమంతా మూడోదాని చుట్టూనే.

## షానన్ పక్కన పెట్టిన ప్రశ్న

1948లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న క్లాడ్ షానన్ సమాచార సిద్ధాంతానికి పునాది వేస్తూ మొదట్లోనే ఒక గీత గీశాడు. సందేశాలకు అర్థం ఉండొచ్చు గానీ ఇంజినీరుకు దానితో పని లేదన్నాడు. ఇటువైపు ఎంచుకున్న సందేశాన్ని అటువైపు ఉన్నదున్నట్టు రాబట్టగలిగితే చాలు. ఆ తర్వాత వచ్చిన టెలికాం అంతా ఆ గీతకు ఇవతలే కట్టుకున్నాం. పెళ్లి ఫొటో అయినా, ఈసీజీ అయినా, బ్యాంకు ఓటీపీ అయినా రేడియోకు అన్నీ బిట్లే.

మరుసటి ఏడాది వారెన్ వీవర్ ఈ సమస్యను మూడు మెట్లుగా విడదీశాడు. బిట్లు సరిగ్గా చేరాయా అన్నది మొదటిది. ఉద్దేశించిన అర్థం చేరిందా అన్నది రెండోది. చేరిన అర్థం వల్ల అవతల జరగాల్సిన పని జరిగిందా అన్నది మూడోది. మొదటి మెట్టు మీద దాదాపు శిఖరం దాకా వచ్చాం కాబట్టే ఇప్పుడు మిగతా రెండింటి మీద పడ్డారు.

ఎంత దగ్గరికి వచ్చామో ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. 100 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో సిగ్నల్ నాయిస్ కంటే 100 రెట్లు ఉంటే, షానన్ సూత్రం ప్రకారం ఒక లింకు మీద సెకనుకు గరిష్ఠంగా సుమారు 666 మెగాబిట్లు పంపొచ్చు. సిగ్నల్ పవర్ రెట్టింపు చేస్తే అది 765కి చేరుతుంది. నూరు శాతం అదనపు పవర్‌కు వచ్చేది 15 శాతం వేగమే. కొత్త స్పెక్ట్రమ్ కొనాలి, యాంటెన్నాలు పెంచాలి, లేదా పంపేదాన్నే తగ్గించుకోవాలి. ఆ మూడో దారిలోనే సెమాంటిక్ ఆలోచన మొలకెత్తింది.

## ఇప్పటి నెట్‌వర్క్ ఏం చూస్తుంది, ఏం చూడదు

5జీకి డేటా గురించి బొత్తిగా ఏమీ తెలియదనడం సరికాదు. ప్రతి ట్రాఫిక్ ప్రవాహానికి 5క్యూఐ అనే ఒక అంకె ఉంటుంది. ఫోన్ సంభాషణకు 1. అంటే ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటకూడదు, నూటికి ఒక ప్యాకెట్ పోయినా ఫర్వాలేదు. మామూలు ఇంటర్నెట్‌కు 9. అక్కడ 300 మిల్లీసెకన్ల దాకా ఓపిక పట్టొచ్చు గానీ పది లక్షల ప్యాకెట్లకు ఒకటికి మించి పోకూడదు. ఫ్యాక్టరీ ఆటోమేషన్ కోసం ఉన్న 82కు 10 మిల్లీసెకన్లే గడువు.

ఇది జాతిని గుర్తుపట్టడం వరకే. ఒక ప్రవాహం లోపలికి వెళ్తే, 5జీ తొలి ప్రమాణాల్లో అన్ని ప్యాకెట్లూ సమానమే. వీడియోలో మిగతా ఫ్రేములన్నీ ఆధారపడే మూల ఫ్రేము ప్యాకెట్‌నూ, పోయినా కంటికి ఆనని చిన్న మార్పు మోసే ప్యాకెట్‌నూ బేస్ స్టేషన్, అంటే టవర్ దగ్గరి రేడియో కేంద్రం, ఒకే కంటితో చూస్తుంది.

పాత జీఎస్ఎం ఫోన్లు మాటను మోయడంలో ఇలా చేయలేదన్నది గుర్తుచేసుకోవాలి. మాటను బిట్లుగా కుదించే జీఎస్ఎం ఫుల్ రేట్ కోడెక్ ప్రతి 20 మిల్లీసెకన్ల మాటను 260 బిట్లుగా మార్చేది. వాటిలో చెవికి అత్యంత ముఖ్యమైన 50 బిట్లకు లోపాన్ని పట్టే సరిచూపూ, దిద్దే కోడింగూ రెండూ ఉండేవి. తర్వాతి 132 బిట్లకు కోడింగ్ మాత్రమే. మిగిలిన 78 ఏ రక్షణా లేకుండా గాల్లోకి వెళ్లేవి. ఆ 50లో తప్పు దొర్లితే ఫ్రేమునే పారేసి, ముందటి ఫ్రేముతో ఖాళీ పూడ్చేవారు. అవతలి మనిషి మౌనంగా ఉన్నప్పుడు వినిపించే సన్నటి హోరు కూడా ఇలాంటిదే. ఆ గదిలోని శబ్దం మీదాకా రాదు. దాని పోలికలు చెప్పే కొద్దిపాటి బిట్లు అప్పుడప్పుడు వస్తాయి, ఏఎంఆర్ కోడెక్‌లో అయితే 160 మిల్లీసెకన్లకోసారి. హోరును మీ ఫోనే పుట్టిస్తుంది. అందుకే సెమాంటిక్ కమ్యూనికేషన్ నిన్న మొన్న పుట్టిందని ఎవరైనా అంటే కొంచెం అనుమానంగానే వినాలి.

## మొదటి పని: ఏది ముఖ్యమో నెట్‌వర్క్‌కు చెప్పడం

మొబైల్ ప్రమాణాలు రాసే అంతర్జాతీయ కూటమి 3జీపీపీ. 2024లో పూర్తయిన దాని రిలీజ్ 18లో ‘పీడీయూ సెట్’ అనే భావన వచ్చింది. ఒక వీడియో ఫ్రేము, లేదా ఫ్రేములో ఒక ముక్క, ఎన్ని ప్యాకెట్లుగా విడిపోయినా వాటిని ఒక కట్టగా నెట్‌వర్క్ గుర్తించడమే ఇది. దీని అవసరం అంకెల్లో చూస్తేనే బాగా తెలుస్తుంది.

వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్‌కు సెకనుకు 30 మెగాబిట్ల వేగంతో, 60 ఫ్రేముల వీడియో వెళ్తోందనుకుందాం. ఒక్కో ఫ్రేము 5 లక్షల బిట్లు, అంటే 62,500 బైట్లు. ప్యాకెట్‌కు 1,400 బైట్ల చొప్పున సుమారు 45 ప్యాకెట్లు. నూటికి ఒక ప్యాకెట్ పోతోందనుకుంటే, 45 ప్యాకెట్లూ చేరే అవకాశం 64 శాతం. అంటే ప్యాకెట్ల లెక్కలో 99 శాతం విజయం చూపిస్తున్న నెట్‌వర్క్‌లో, ఫ్రేముల లెక్కలో మూడింట ఒక వంతుకు పైగా దెబ్బతింటున్నాయి. డ్యాష్‌బోర్డు పచ్చగా ఉంటుంది, హెడ్‌సెట్ పెట్టుకున్నవాడికి తల తిరుగుతుంది. ప్యాకెట్ నష్టం వెయ్యికి ఒకటికి దిగితే దెబ్బతినే ఫ్రేములు నాలుగున్నర శాతం లోపుకు వస్తాయి.

ఇంకో వృథా కూడా ఉంది. 45లో ఒకటి గడువు దాటిపోయి, అది లేకుండా ఫ్రేము పనికిరాదంటే, మిగతా 44ను పంపడానికి ఖర్చుపెట్టే రేడియో సమయమంతా దండగే. పీడీయూ సెట్‌తో ఈ సంగతి బేస్ స్టేషన్‌కు తెలుస్తుంది. కట్ట మొత్తానికి గడువు, కట్ట మొత్తానికి నష్ట పరిమితి, కట్టకొక ప్రాధాన్య సంఖ్య ఉంటాయి. సెల్ రద్దీగా ఉన్నప్పుడు ప్రాధాన్యం తక్కువున్న కట్టలను ముందు వదిలేయొచ్చు. నెట్‌వర్క్‌కు వీడియోలో ఏముందో ఇక్కడా తెలియదు. ఏ కట్ట ఎంత విలువైనదో మాత్రమే అప్లికేషన్ చెబుతుంది. నా లెక్కలో ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే తక్కువ ఆర్భాటంతో ఎక్కువ ప్రయోజనమిచ్చే భాగం ఇదే.

## రెండో పని: ఎప్పుడు పంపాలో తేల్చడం

సెన్సర్ల విషయంలో ఎంత పంపాం అన్నదానికంటే అందుకున్నవాడి దగ్గరున్న సమాచారం ఎంత తాజాది అన్నది ముఖ్యం. సంజిత్ కౌల్, రాయ్ యేట్స్, మార్కో గ్రూటెసర్ 2012లో దీన్ని ‘సమాచార వయసు’గా లెక్కకట్టారు. ఫలితం మామూలు ఊహకు ఎదురు తిరిగింది.

ఒక్కో రీడింగ్‌ను చేరవేయడానికి లింకుకు సగటున ఒక సెకను పడుతుందనుకుందాం. రీడింగులు ఎప్పుడు వస్తాయో, ఒక్కోదానికి ఎంతసేపు పడుతుందో కచ్చితంగా చెప్పలేం. వచ్చినవి వచ్చిన వరుసలోనే వెళ్తాయి. సగటున 5 సెకన్లకొకటి పంపితే అవతల సమాచారం సగటు వయసు 6 సెకన్లు. ఎక్కువ పంపితే తాజాగా ఉంటుందని 1.1 సెకన్లకొకటి పంపితే అది 11 సెకన్లకు పెరుగుతుంది, ఎందుకంటే కొత్త రీడింగ్ పాత రీడింగుల వెనక క్యూలో నిలబడుతుంది. సుమారు 1.9 సెకన్లకొకటి పంపినప్పుడే వయసు అతి తక్కువ, మూడున్నర సెకన్లు. అంటే లింకు సగానికి కాస్త ఎక్కువ మాత్రమే నిండి ఉండాలి. లింకును నూరు శాతం నింపడమే సామర్థ్యమనుకునే ఆపరేటర్ అలవాటుకు ఇది పూర్తిగా విరుద్ధం.

తర్వాత పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. అవతలివాడి దగ్గరున్న విలువ పాతదే అయినా ఇప్పటికీ నిజమే అయితే దాని వయసుతో పనేముంది? అది తప్పుగా మారాక గడిచిన కాలాన్నే లెక్కపెడదామన్నారు.

దీన్ని ఒక రొయ్యల చెరువుకు అన్వయించి చూద్దాం. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, రైతులు డీవో అనేదాన్ని, సెన్సర్ 10 సెకన్లకోసారి పంపితే రోజుకు 8,640 సందేశాలు. పగలంతా విలువ నెమ్మదిగా మారుతుంది, తెల్లవారుజామున పడిపోతుంది. ఏరేటర్లు వేయాలా వద్దా అన్నదే అసలు నిర్ణయం. కాబట్టి అవతలి అంచనాకూ అసలు విలువకూ లీటరుకు 0.3 మిల్లీగ్రాములకు మించి తేడా వస్తేనే పంపు, విలువ 4 కిందికి దిగితే మాత్రం ప్రతి రీడింగూ పంపు అని నియమం పెట్టొచ్చు. సందేశాలు వందల్లోకి దిగుతాయి. ఇలాంటి చిన్న సందేశాల్లో బైట్లు తగ్గించడం వల్ల ఒరిగేది తక్కువ. సెన్సర్‌లోని రేడియో మాడ్యూల్ నిద్రలేచి, కనెక్షన్ ఏర్పరచుకునే తతంగానికే ఎక్కువ బ్యాటరీ పోతుంది. సందేశాల సంఖ్య తగ్గడమే అసలు ఆదా.

చెడేది కూడా ఇక్కడే. రాత్రి రెండింటికి సెన్సర్ నుంచి ఏమీ రాలేదు. డీవో మారలేదనా, బ్యాటరీ అయిపోయిందనా? మౌనానికి కూడా ఒక అర్థం అంటగట్టాక ఈ ప్రశ్న తప్పదు. అందుకే పది నిమిషాలకోసారైనా ‘బతికే ఉన్నాను’ అన్న సందేశం ఉండి తీరాలి, అవి రోజుకు 144. ప్రోబ్ మీద నాచు పట్టి తప్పు విలువ చూపిస్తుంటే దాన్ని ఏ సెమాంటిక్ నెట్‌వర్కూ కనిపెట్టలేదు. తప్పు అర్థాన్నే ఎంతో పొదుపుగా చేరవేస్తుంది.

## మూడో పని: అర్థాన్నే పంపడం

ఇక్కడ నుంచి భూమి మెత్తబడుతుంది. పంపేవైపు ఒక న్యూరల్ నెట్‌వర్క్ సందేశం నుంచి సారాన్ని తీస్తుంది, అందుకునేవైపు ఇంకొకటి దాన్నుంచి సందేశాన్ని తిరిగి కడుతుంది. రెండింటినీ రేడియో చానల్‌తో సహా కలిపే శిక్షణ ఇస్తారు. 2019లో బొమ్మలకు, 2021లో వాక్యాలకు ఈ పద్ధతిని చూపిన పరిశోధనలు బాగా ప్రచారంలోకి వచ్చాయి. వీటి ప్రధాన ఆకర్షణ ఒకటుంది. మామూలు డిజిటల్ లింకులో సిగ్నల్ ఒక స్థాయి కిందికి పడగానే బొమ్మ మొత్తం మాయమవుతుంది. ఇక్కడ నాణ్యత మెల్లగా తగ్గుతుంది.

మన దేశంలో టెలిగ్రాం సర్వీసు 2013 జూలైలో ఆగిపోయేదాకా శుభాకాంక్షలకు ఒక పద్ధతి ఉండేది. పెళ్లికి, పండక్కి అచ్చయిన వాక్యాల పట్టిక, ఒక్కో వాక్యానికి ఒక నంబరు. తీగల మీద నంబరే వెళ్లేది, అవతలి ఆఫీసు అదే పట్టిక చూసి పూర్తి వాక్యం రాసిచ్చేది. సెమాంటిక్ కమ్యూనికేషన్ బలమూ బలహీనతా రెండూ అందులో ఉన్నాయి. రెండు ఆఫీసుల్లో పట్టిక ఒకటే అయినంతవరకు అద్భుతమైన పొదుపు. పట్టికలు తేడా పడితే పెళ్లివారింటికి దీపావళి శుభాకాంక్షలు చేరతాయి, ఏ యంత్రమూ ఎర్రదీపం వెలిగించదు.

బిట్ల ప్రపంచంలో తప్పు గోల చేస్తుంది. 5జీలో పెద్ద డేటా దిమ్మెకు 24 బిట్ల సరిచూపు తోడుగా వెళ్తుంది. తేడా వస్తే మళ్లీ పంపమంటుంది. అర్థం తప్పితే సరిచూడటానికి అలాంటి కొలబద్ద లేదు. వాక్యాల పరిశోధనల్లో సాధారణంగా వాడేది పదాల పోలికను కొలిచే బ్లూ స్కోరు, లేదా భాషా మోడల్ ఇచ్చే సామ్యం. ‘ఈ మాత్ర రోజుకు రెండుసార్లు ఇవ్వండి’, ‘ఈ మాత్ర రోజుకు రెండుసార్లు ఇవ్వకండి’ అన్న వాక్యాల మధ్య పదాల పోలిక చాలా ఎక్కువ. రోగికి మాత్రం తేడా అంతా ఆ ఒక్క అక్షరంలోనే ఉంది.

ఇది ఊహాజనిత భయం కాదు. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త జిరాక్స్ స్కానర్లు కాగితం మీది అంకెలను మార్చేస్తున్నాయని బయటపెట్టాడు. 6 ఉన్నచోట 8 వచ్చింది. ఒకేలా కనిపించే గుర్తులను ఒకే గుర్తుగా నిల్వచేసే కంప్రెషన్ పద్ధతి దానికి కారణం. మసకగా ఉంటే చూసేవాడికి అనుమానం వచ్చేది. అచ్చు స్పష్టంగా, శుభ్రంగా ఉండి అంకె తప్పయింది. తిరిగి కట్టే యంత్రం ఎంత నేర్పరి అయితే దాని తప్పు అంత నమ్మదగ్గట్టు ఉంటుంది.

తెలుగువాళ్లు పట్టించుకోవాల్సిన కోణం ఇంకొకటుంది. కంప్యూటర్లు అక్షరాలను బైట్లుగా రాసుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి కనీసం మూడు బైట్లు, ఇంగ్లిష్ అక్షరానికి ఒకటి. ఖర్చు ఎక్కువే, కానీ రెండూ చెక్కుచెదరకుండా చేరతాయి. బిట్ల నెట్‌వర్క్‌కు భాషాభేదం లేదు. అర్థం మోసే నెట్‌వర్క్‌లో చేరే నాణ్యత ఆ మోడల్ ఏ భాషలో ఎంత చదివిందన్నదాని మీద ఆధారపడుతుంది. 2021 నాటి వాక్యాల పరిశోధనకు శిక్షణ ఇచ్చింది యూరోపియన్ పార్లమెంటు చర్చల పాఠాలతో. శ్రీకాకుళం యాస సంగతి దానికేం తెలుసు?

## నెట్‌వర్క్ నిర్వహణలో ఏం మారుతుంది

చౌరస్తాలో 30 ట్రాఫిక్ కెమెరాలున్నాయనుకుందాం. ఒక్కోటి సెకనుకు 4 మెగాబిట్ల వీడియో పంపితే మొత్తం 120 మెగాబిట్లు. బదులుగా కెమెరాయే వాహనాలను గుర్తించి, 60 వస్తువులను ఒక్కోటి 20 బైట్ల చొప్పున సెకనుకు పదిసార్లు పంపితే కెమెరాకు 96 కిలోబిట్లు. ముప్పైకీ కలిపి 2.9 మెగాబిట్లు. నలభై రెట్లకు పైగా ఆదా.

సాయంత్రం పోలీసులు ఎర్రరంగు ఆటో ఎటు వెళ్లిందని అడిగారు. రంగు ఆ 20 బైట్లలో లేదు. సిగ్నల్ సమయాలు సర్దడానికి పంపిన అర్థం దొంగను పట్టడానికి పనికిరాలేదు. ఏది సారం, ఏది పొట్టు అన్నది అడిగే ప్రశ్నను బట్టి తేలుతుంది, ప్రశ్న మారితే పారేసిన పొట్టే సారమవుతుంది. అందుకే కెమెరా దగ్గరే అసలు వీడియోను కొంతకాలం దాచి, అడిగినప్పుడు పంపే ఏర్పాటు కావాలి. ఆదా లెక్కలో ఈ నిల్వ ఖర్చూ, కెమెరాలో గుర్తింపు చిప్ కరెంటు ఖర్చూ చాలాసార్లు కనబడవు.

నిర్వహణలో అన్నిటికంటే ఇబ్బందిపెట్టేది వెనక్కి తగ్గడం. మోడల్ మీద నమ్మకం సడలినప్పుడు, ఉదాహరణకు కొత్త వెర్షన్ చెడగొట్టినప్పుడు, వ్యవస్థ మామూలు వీడియోకు మారాలి. ముప్పై కెమెరాలకూ ఒకే అప్‌డేట్ వెళ్తే అన్నీ ఒకేసారి మారతాయి. 2.9 మెగాబిట్లకు కేటాయించిన స్లైసు (నెట్‌వర్క్‌లో ఒక సేవ కోసం విడిగా కేటాయించిన వాటా) మీద 120 మెగాబిట్లు విరుచుకుపడతాయి. అదీ అప్‌లింక్‌లో, అంటే పరికరం నుంచి నెట్‌వర్క్‌కు వెళ్లే దారిలో, డౌన్‌లింక్ కంటే సాధారణంగా ఇరుకుగా ఉండేచోట. అప్‌డేట్లను కొద్ది కెమెరాలతో మొదలుపెట్టి విడతలుగా ఇవ్వడం, తగ్గేటప్పుడు తక్కువ నాణ్యత వీడియోకు మారడం దీనికి విరుగుడు. పూర్తి స్థాయికి సరిపడా సామర్థ్యం ఎప్పుడూ ఖాళీగా ఉంచితే ఆదా అన్న మాటకు అర్థమే పోతుంది.

మోడల్ పంపిణీ కూడా ఉచితం కాదు. 5 కోట్ల పరామితులున్న మోడల్‌ను ఒక్కోటి ఒక బైట్ చొప్పున కుదించినా 50 మెగాబైట్లు. సందేశానికి 2 కిలోబైట్లు ఆదా అవుతున్నాయంటే, డౌన్‌లోడ్ ఖర్చు తీరడానికే 25,000 సందేశాలు కావాలి. ఈలోగా కొత్త వెర్షన్ వస్తే లెక్క మళ్లీ మొదలు.

రెండు వైపులా వేర్వేరు కంపెనీల పరికరాలుంటే చిక్కు ఇంకా ముదురుతుంది. దీనికి ఇప్పటికే ఒక చిన్న నమూనా ఉంది. ఫోను తను చూస్తున్న రేడియో చానల్ పరిస్థితిని న్యూరల్ నెట్‌వర్క్‌తో కుదించి బేస్ స్టేషన్‌కు పంపడం మీద 3జీపీపీ రిలీజ్ 18లో అధ్యయనం మొదలైంది. కుదించేది ఫోన్ కంపెనీ మోడల్, విప్పేది బేస్ స్టేషన్ కంపెనీ మోడల్. రెండూ రహస్యంగా ఉంచుకునే మోడళ్లను ఒకదానికొకటి సరిపోయేలా ఎవరు, ఎక్కడ, ఎవరి డేటాతో శిక్షణ ఇవ్వాలన్నదే అక్కడ పెద్ద తలనొప్పి. అర్థంతో సంబంధం లేని రేడియో కొలతకే ఇంత యాతన అయితే మనుషుల మాటల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

నియంత్రణకు చోటు మాత్రం సిద్ధంగా ఉంది. వేర్వేరు కంపెనీల రేడియో పరికరాలు కలిసి పనిచేసేందుకు రూపొందించిన ఓపెన్ ర్యాన్ నిర్మాణంలో ఆర్ఐసీ అనే నియంత్రికలు రెండు ఉంటాయి. 10 మిల్లీసెకన్ల నుంచి సెకను లోపు నిర్ణయాలు ఒకదానివి, సెకను దాటినవి రెండోదానివి. ప్రాధాన్యాలను బట్టి వనరులు పంచడం మొదటిదానికి, మోడల్ వెర్షన్ల అజమాయిషీ రెండోదానికి అతుకుతాయి. లోటల్లా కొలతలోనే. పని నెరవేరిందా అన్నది అవతలి అప్లికేషన్‌కే తెలుసు, అది చెప్తే తప్ప నెట్‌వర్క్‌కు తెలియదు.

## వద్దనేవాళ్ల వాదన, కావాలనేవాళ్ల వాదన

వద్దనేవాళ్ల మాటలో బలముంది. అర్థాన్ని బట్టి కుదించడం వీడియో కోడెక్‌లు, అప్లికేషన్లు చేసుకునే పని, నెట్‌వర్క్ ఎందుకు వేలు పెట్టాలంటారు. తెలివితేటలు చివర్లలో ఉండాలి, మధ్యది మోతకే పరిమితం కావాలని సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ 1980ల్లోనే వాదించారు. ఇంటర్నెట్ అలాగే పెరిగింది. పైగా ఇప్పుడు ట్రాఫిక్‌లో అత్యధిక భాగం ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఆపరేటర్‌కు లోపల కనబడదు. అప్లికేషనే ప్రాధాన్యం చెప్పాలంటే ప్రతి అప్లికేషనూ తనదే అతి ముఖ్యం అంటుంది. ఇంటర్నెట్ ప్యాకెట్లలో 1998 నుంచి ఉన్న డీఎస్‌సీపీ ప్రాధాన్య గుర్తులకు పట్టిన గతి అదే. ఒక ఆపరేటర్ పెట్టిన గుర్తును పక్క ఆపరేటర్ చాలాసార్లు లెక్కచేయడు.

భారత్‌లో నెట్ న్యూట్రాలిటీ, అంటే ఆపరేటర్ అందరి డేటానూ సమానంగా చూడాలన్న సూత్రం, ప్రశ్న కూడా ఉంది. 2016లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వివక్షతో కూడిన డేటా టారిఫ్‌లను నిషేధించింది. 2018లో టెలికాం శాఖ నెట్ న్యూట్రాలిటీ సూత్రాలను ఆమోదించింది, ప్రత్యేక సేవలకు మినహాయింపునిస్తూ. ఒకే వీడియోలోని ఫ్రేముల మధ్య ప్రాధాన్యం చూపడం వివక్ష కాదు. ఒక కంపెనీ వీడియోకూ ఇంకో కంపెనీ వీడియోకూ మధ్య చూపితే వివక్షే. గీత ఎక్కడ గీయాలో సాంకేతికత చెప్పదు.

కావాలనేవాళ్లదీ తీసిపారేసే వాదన కాదు. కుదించడం, తప్పుల నుంచి రక్షించడం విడివిడిగా చేసినా నష్టం లేదన్న షానన్ ఫలితం సందేశం ఎంత పొడవైనా, ఎంత ఆలస్యమైనా ఫర్వాలేదన్న షరతు మీద నిలబడింది. మిల్లీసెకన్లలో చిన్న సందేశాలు పంపే రోబోకు ఆ షరతు చెల్లదు. అక్కడ రెండూ కలిపి చేస్తే నిజమైన లాభం ఉంటుంది. రద్దీ వచ్చినప్పుడు ఏది వదలాలో ఎవరో ఒకరు తేల్చక తప్పదు. ఏమీ తెలియకుండా వదిలేకంటే కొంత తెలిసి వదలడం మేలంటారు.

## ఇప్పుడు ఎక్కడున్నాం

ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ 2023 నవంబరులో ఖరారు చేసిన ఐఎంటీ-2030 (6జీకి అది పెట్టిన పేరు) చట్రంలో ఆరు వినియోగ సందర్భాలున్నాయి. కృత్రిమ మేధతో కలిసిన కమ్యూనికేషన్ వాటిలో ఒకటి. సెమాంటిక్ కమ్యూనికేషన్ ఆ ఆరింటిలో విడిగా లేదు. 3జీపీపీలో 6జీ అధ్యయనం రిలీజ్ 20లో, మొదటి ప్రమాణాలు రిలీజ్ 21లో. సేవలు 2030 ప్రాంతంలో వస్తాయని అంచనా. భారత ప్రభుత్వం కూడా 2023 మార్చిలో విడుదల చేసిన 6జీ దార్శనిక పత్రంలో 2030నే గడువుగా పెట్టుకుంది.

మూడు పనుల్లో మొదటిది, అంటే ప్రాధాన్యం చెప్పే పద్ధతి, 5జీ నుంచి నేరుగా 6జీలోకి నడిచి వెళ్తుందనుకోవచ్చు. రెండోదానికి కొత్త ప్రమాణం పెద్దగా అక్కర్లేదు, సెన్సర్ సాఫ్ట్‌వేర్‌లోనే చాలావరకు అవుతుంది. మూడోది ముందుగా కనిపించేది పోర్టులు, ఫ్యాక్టరీలు, గనుల్లోని ప్రైవేటు నెట్‌వర్కుల్లో. అక్కడ పంపేవాడు, అందుకునేవాడు, నెట్‌వర్క్ నడిపేవాడు ఒకే యాజమాన్యం కింద ఉంటారు. మోడల్ వెర్షన్ ఎవరిదన్న పేచీ ఉండదు, అడిగే ప్రశ్నలు ముందే తెలుసు, తప్పు జరిగితే జవాబుదారీ ఎవరో కూడా తెలుసు. బహిరంగ నెట్‌వర్క్‌లో ఈ మూడింటికీ ఇప్పటికి ఒప్పందం లేదు.